ఆరు ముఖాల అద్దం, చెరువు నీటి అంచు

పేటెంటు పనిలోకి వద్దామనుకునే పిల్లలు అప్పుడప్పుడు రాజమండ్రిలో మా ఇంటికి వస్తుంటారు. ఫిజిక్స్ ఎమ్మెస్సీయో, ఇంజనీరింగో చదివి ఉంటారు. ఏ పుస్తకాలు కొనాలి, ఏ సెక్షన్లు బాగా చదవాలి అని అడుగుతారు. కాఫీ ఇచ్చి నేనూ ఒకటి అడుగుతాను. "మీ ఇంట్లో వాళ్లు నిజం చెప్పినా రెండోసారి అడిగే అలవాటుందా?" అని. లేదని సిగ్గుపడితే, "అయితే వేరే పని చూసుకోండి బాబూ" అంటాను. వాళ్లు నవ్వుతారు. నేను సరదాకి అనలేదని తర్వాత తెలుస్తుంది.

నేను మొదట చెన్నైలో పేటెంటు ఆఫీసులో ఎగ్జామినర్‌ని. అంటే వచ్చిన దరఖాస్తులు చదివి, ఇందులో కొత్తదేముంది అని తవ్వేవాడిని. రిటైరయ్యాక ఇక్కడికొచ్చి ఏజెంటుగా అవే దరఖాస్తులు రాసిపెట్టాను. మొదటి పనిలో అవతలివాళ్లని అనుమానించాను, రెండో పనిలో నా క్లయింట్లని. రెండోదే కష్టం. వాళ్లు మన ఎదురుగా కూర్చుని మన కాఫీయే తాగుతూ ఉంటారు.

పదవులూ బదిలీలూ ఎవరికి కావాలి? ఒక్క కేసు చెబుతాను. ఈ పనంతా అందులోనే ఉంది.

పద్మనాభన్ గారి రెండు పాఠాలు

కేసులోకి వెళ్లే ముందు నా మొదటి పై అధికారి గురించి చెప్పాలి. పద్మనాభన్ గారు సన్నగా, ఎప్పుడూ జలుబు చేసినట్టు ఉండేవారు. పేటెంటుకి మూలసూత్రం మీకు తెలిసే ఉంటుంది. దరఖాస్తు వేసే రోజుకి ఆ సంగతి లోకానికి తెలిసి ఉండకూడదు. కనిపెట్టినవాడే నోరు జారి పదిమందిలో చెప్పినా, చాలావరకు ఆ హక్కు పోయినట్టే. అందుకని ప్రతివాడూ "ఎవరూ చూడలేదు సార్" అంటాడు.

"ఆ మాట నమ్మకు" అనేవారు పద్మనాభన్ గారు. "అబద్ధమాడుతున్నాడని కాదు. బావమరిదిని, డ్రైవర్ని, పక్కింటాయన్ని వాడు 'ఎవరూ' లోకి లెక్కెయ్యడు. అంతే."

ఇది ఆయన మంచి పాఠం. చెడ్డ పాఠం ఇంకోటుంది. మన చట్టంలో ఉత్త లెక్కకి పేటెంటు లేదు. సూత్రం ఎంత గొప్పదైనా అది అందరి సొత్తు. ఈ నియమాన్ని ఆయన ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, దరఖాస్తులో ఎక్కడైనా కూడికా తీసివేతా కనిపిస్తే చాలు, కొట్టేసేవారు. లెక్క లేని యంత్రం ఈ రోజుల్లో ఎక్కడుంది? ఆయన దగ్గర పాడైపోయిన మంచి దరఖాస్తులు నాకు తెలుసు. అప్పట్లో నేను చిన్నవాడిని, నోరెత్తలేదు. పెద్దవాళ్ల అనుమానం నేర్చుకోండి కానీ, వాళ్ల బద్ధకాన్ని అనుమానమని పొరబడకండి.

గోదావరి జిల్లాలకి వచ్చాక ఆయన పాఠానికి నా వంతు ఒకటి చేర్చాను. ఇక్కడ "ఎవరికైనా చూపించారా?" అని అడిగితే లాభం లేదు. "కొబ్బరికాయ ఎప్పుడు కొట్టారండి?" అని అడగాలి. మనవాళ్లు పంపుసెట్టు కొన్నా, పడవ కట్టినా, మేకు దిగ్గొట్టే యంత్రం చేసినా పూజ చేయకుండా మొదలుపెట్టరు. పూజంటే ఊరంతా వస్తుంది. వచ్చినవాళ్లకి ఓనరుగారు దాన్ని విప్పి మరీ చూపిస్తారు. ఆ ఒక్క ప్రశ్నతో నేను బయటపెట్టిన గుట్లు ఇన్నీ అన్నీ కావు.

సువర్ణ గారు

సువర్ణ గారు పాలకొల్లు వైపు నుంచి వచ్చారు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం మానేసి, భీమవరంలో సర్వే పరికరాలు బాగుచేసే చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నారు. పక్కన ఆవిడ భర్త ప్రభాకర్ గారు. నెమ్మదస్థుడు. ఆవిడ మాట్లాడుతుంటే బల్ల మీద పరికరాన్ని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నారు.

అది లేజర్‌తో దూరాలు కొలిచే స్కానర్. కాంతిని విసురుతుంది, అది తగిలి వెనక్కి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం చెబుతుంది. లోపల ఆరు ముఖాల అద్దం ఒకటి గిరగిరా తిరుగుతూ ఆ కాంతిని అటు చివర నుంచి ఇటు చివరికి పరుస్తుంది. ఆక్వా రైతులు చెరువు గట్టు ఎక్కడ కుంగుతోందో చూసుకోవడానికి వాడుతున్నారు. గట్టు తెగితే చెరువూ పోతుంది, అందులోని రొయ్యా పోతుంది.

చిక్కంతా ఆ అద్దంలోనే ఉంది. ఆరు ముఖాలూ ఒక్కలా ఉండాలి, ఉండవు. ఒకటి వెంట్రుకవాసి ముందుకి వంగి ఉంటుంది, ఇంకోటి వెనక్కి. ఫ్యాక్టరీలో వాటి తేడాలు చూసి సరిచేసి పంపుతారు. మన ఎండకీ ఉప్పుగాలికీ కొన్నాళ్లకే మళ్లీ తప్పుతుంది. అప్పుడు దాన్ని ఫ్యాక్టరీకి పంపాలి, అది తిరిగొచ్చేదాకా గట్టుని దేవుడికి వదిలెయ్యాలి.

"చెరువు దగ్గరే సరిచేసుకోవచ్చండి" అన్నారు సువర్ణ గారు. "నీళ్ల మీద పడిన లేజర్ తిరిగి రాదు. గట్టు మీద పడింది వస్తుంది. ఆ రెండింటి హద్దు నీటి అంచు. నిలిచిన నీళ్లు చెరువు చుట్టూ ఒకటే మట్టం కదండీ. ఏ ముఖం ఆ అంచుని పైకో కిందికో చూపిస్తే తప్పు ఆ ముఖానిది."

విని నేను వెంటనే పొంగిపోలేదు. ముఖానికో దిద్దుబాటు అన్నది కొత్త సంగతి కాదు. అద్దాలు తిప్పే యంత్రాలు చేసేవాళ్లంతా ఏదో ఒక రకంగా చేసేదే. కొత్తదనమంతా నీటి అంచులోనే ఉంది. అది నిజంగా ఈవిడదేనా? ఎవరో చెప్పింది పట్టుకొచ్చారా? చెబితే ఎవరితో చెప్పారు?

"కొబ్బరికాయ ఎప్పుడు కొట్టారమ్మా?"

"మేం కొట్టమండి. మాది లూథరన్ చర్చి."

ఇంకెవరైనా అయితే అక్కడితో ఆ సంగతి వదిలేసి కలం తీసేవారు. నేను ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాడిని. నాకు క్రైస్తవ స్నేహితులున్నారు, వాళ్ల ప్రార్థన కూడికల్లో భోజనాలు చేశాను.

"మరి కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నారా?"

ప్రభాకర్ గారు పరికరాన్ని బల్ల మీద పెట్టేశారు.

"పెట్టుకున్నామండి, పోయిన ఆదివారం" అన్నారు సువర్ణ గారు.

"సాక్ష్యం చెప్పారా?"

సాక్ష్యమంటే, దేవుడు తనకి చేసిన మేలుని సంఘం ముందు నిలబడి చెప్పడం. ఎలా జరిగింది, ఎప్పుడు జరిగింది అన్నీ వివరంగా చెప్పాలి. వివరం లేని సాక్ష్యం ఎవరికీ ఆనదు.

"చెప్పానండి. అంతా చెప్పాను."

"లైవ్ కూడా ఇచ్చామండి" అన్నారు ప్రభాకర్ గారు. చర్చిలో కెమెరా పట్టుకునేది ఆయనే. "ఇప్పుడు డిలీట్ చేసేస్తే సరిపోతుంది కదండీ?"

మొదటి వరసలో మనిషి

ఆ వీడియో నా ఎదుటే చూశాం. తెల్లచీర కట్టుకుని సువర్ణ గారు మైకు ముందు నిలబడ్డారు. నెలల తరబడి అద్దంతో కుస్తీపట్టడం, రొయ్యకి గాలందించే ఏరేటర్ల చక్రాలు చెరువుని చిలుకుతుంటే నీటి అంచు నిలవకపోవడం చెప్పారు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయిందట. జనరేటరు అందుకునేలోగా ఏరేటర్లు ఆగి, నీళ్లు నిలిచి, అంచు గీత గీసినట్టు కనిపించిందట. "ఏరేటర్లు తిరుగుతుంటే ఇది ఎప్పటికీ కుదరదని నాకు అర్థమైపోయింది. దేవుడే కరెంటు ఆపి చూపించాడు. ఇది నా తెలివి వల్ల కాదు" అని ముగించారు. అందరూ ఆమేన్ అన్నారు.

కెమెరా జనం వైపు తిరిగింది. మొదటి వరసలో అందరూ తెలిసినవాళ్లలా ఉన్నారు, ఇస్త్రీ చొక్కాలో ఒకాయన తప్ప.

"ఆయనెవరు?"

"మేనేజరు గారండి" అన్నారు సువర్ణ గారు. ఈ స్కానర్లు అమ్మే పెద్ద కంపెనీలో మేనేజరు. ఆవిడ పని విని అంతకుముందు తమ ఇంజనీరుని వెంటబెట్టుకుని వర్క్‌షాపుకి వచ్చి చూసి వెళ్లారట. "చాలా మంచాయనండి. పేటెంటుకి తొందరేంటమ్మా, ముందు మా వాళ్లతో కలిసి ట్రయల్స్ చేద్దాం, తర్వాత చూసుకోవచ్చు అన్నారు."

నా అనుభవంలో తొందరేంటి అని మనకి చెప్పేవాడు తాను మాత్రం చాలా తొందరలో ఉంటాడు. వాళ్లకి పేటెంటు లేకపోవడమే లాభం. పద్ధతి అందరిదీ అయిపోతే ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరి పేరూ చెప్పక్కర్లేదు.

"ఈ రోజు నుంచి ఆయన్ని కలవొద్దు. మర్యాదగా మెసేజి పెట్టండి, మాటలు ఇక మా ఏజెంటుతో అని. వీడియో మాత్రం డిలీట్ చెయ్యొద్దు. ఆయన దగ్గర ఈపాటికి కాపీ ఉండే ఉంటుంది. మన దగ్గర లేకుండా వాళ్ల దగ్గర మాత్రమే ఉంటే మనం దొంగలమవుతాం."

"అయితే పని పోయినట్టేనాండీ?" అన్నారు ఆవిడ. ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషి. డబ్బుకన్నా, ఇది నేను చేశాను అని చెప్పుకునే హక్కు పోతుందనే ఆవిడ బాధ. నాకూ మనసు చివుక్కుమంది. కానీ అబద్ధపు ధైర్యం చెప్పడం నాకు చేతకాదు.

"నీటి అంచు వరకు పోయిందమ్మా" అన్నాను.

గట్టు మీద

అయినా నా అనుమానం తీరలేదు. ఆవిడ చెప్పింది ఆవిడే చేయగలదా? క్లయింటు పద్ధతి నా కళ్లతో చూడకుండా ఒక్క పేరా కూడా రాయకూడదన్నది నా నియమం. మర్నాడు వాళ్ల బంధువుల చెరువు దగ్గరికి వెళ్లాం. ఏరేటర్లు చప్పుడు చేసుకుంటూ తిరుగుతున్నాయి.

"ఆపమనండి మరి" అన్నాను.

"ఆపితే రొయ్యకి గాలందదండి. ఆపక్కర్లేదు లెండి. ఈ వారం నుంచీ తిరుగుతుండగానే చేస్తున్నాను."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఎలా?"

"ఆరు ముఖాలూ ఒకే చోటుని రెప్పపాటులో ఒకదాని వెనక ఒకటి చూస్తాయండి. ఆ రెప్పపాటులో అల కదలదు. అల ఎంత ఎత్తుందో మనకెందుకు? ముఖానికీ ముఖానికీ తేడా వచ్చిందంటే ఆ తప్పు అద్దానిదే."

"గట్టు మీద ఏ రాయినో చూసినా అంతే కదా?" గుచ్చి అడిగాను.

"గట్టు గరుకండి. ముఖం కాస్త వంగితే వేరే గడ్డ మీద పడుతుంది. అప్పుడు తప్పు అద్దానిదో మట్టిదో తెలీదు. నీటి అంచుకి ఆ గరుకు ఉండదు."

"ఇది చర్చిలో చెప్పారా?"

"లేదండి. అప్పటికి నాకే తెలీదు కదా. కుదరదనే అనుకున్నాను."

ఆ మాట విని గట్టు మీదే చతికిలబడ్డాను. సంతోషం ఆపుకోలేకపోయాను, నిజం చెప్పాలంటే. ఆవిడ నాకేదో అయిందని కంగారుపడి నీళ్ల సీసా తెచ్చారు.

ఆ రాత్రికే దరఖాస్తు రాయడం మొదలుపెట్టాను. రెండో పేజీలోనే మా గొంతు మేమే పట్టుకున్నాం. నిలిచిన నీటి అంచుతో సరిచేసే పద్ధతిని కనిపెట్టినవారే ఫలానా ఆదివారం బహిరంగంగా చెప్పారు, దాని మీద మాకు హక్కు అక్కర్లేదు అని రాశాను. కోరింది ఒక్కటే, నీరు కదులుతుండగా ముఖాన్ని ముఖంతో పోల్చి సరిచేసే పద్ధతి.

ఇది లెక్కే కదా?

ఆఫీసు నుంచి మొదటి అభ్యంతరం నేననుకున్నదే వచ్చింది. ఒక అంకె లోంచి ఇంకో అంకె తీసేస్తున్నారు, ఇది గణిత పద్ధతి, పేటెంటు రాదు అని. చదువుతుంటే పద్మనాభన్ గారి జలుబు గొంతు వినిపించింది.

ఆ ఎగ్జామినర్‌ని తప్పుపట్టను. ఆ కుర్చీలో ఉంటే నేనూ అలాగే అనుమానించేవాడిని. సగం దరఖాస్తుల్లో ఉత్త లెక్కకి యంత్రం చొక్కా తొడిగి పంపుతారు. అందుకని నాకు నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది. చివరికి వచ్చిన అంకె కాగితం మీద ఆగిపోతే అది లెక్క. ఆ అంకె తిరిగి యంత్రంలోకి వెళ్లి దాని కొలతనే మార్చితే, అది యంత్రాన్ని నడిపే పద్ధతి. ఇక్కడ తిరిగే అద్దం ఉంది, దాన్ని చెరువు వైపు పెట్టే తీరు ఉంది, ఏ ముఖం ఎప్పుడు చూసిందో పట్టుకునే గుర్తు ఉంది. చెరువు తీసేస్తే తీసివేత చేయడానికి అంకెలే ఉండవు. ఇదే జవాబుగా రాశాను. ఆ అభ్యంతరం నిలబడలేదు.

కుర్రాళ్లూ, చట్టంలో మాటలు తిరగేస్తూ కూర్చోకండి. తప్పు ఏ వస్తువులో ఉంది, దిద్దుబాటు ఏ వస్తువుకి చేరుతోంది అని చూపించండి.

హియరింగు

నేననుకున్నట్టే కంపెనీ వాళ్లు పేటెంటు ఇవ్వొద్దని అభ్యంతరం వేశారు. వీడియో తెచ్చారు. దానికి నేను సిద్ధంగానే ఉన్నాను. కానీ వాళ్లు దాన్ని నేనెదురుచూడని వైపు తిప్పారు. ఈవిడ అసలు కనిపెట్టిన మనిషే కాదన్నారు. వర్క్‌షాపుకి వచ్చినప్పుడు మా ఇంజనీరే మొత్తం పద్ధతి, అలల సంగతితో సహా, ఆవిడకి వివరించాడు. ఆ ఆదివారం తర్వాత ఆవిడ మాతో సంబంధం తెంచుకుని సొంత పేరున దరఖాస్తు వేసుకుంది. "నా తెలివి వల్ల కాదు" అని ఆవిడే చర్చిలో ఒప్పుకుంది. ఇదీ వాళ్ల ప్రమాణపత్రం.

ఒక తలుపుకి గడియ పెట్టి పక్క తలుపు తెరిచి ఉంచానన్నమాట. పైగా నాలోని పాత ఎగ్జామినర్ గుసగుసలాడాడు, నిజమైతే? ఆ ఇంజనీరు నిజంగానే చెప్పి ఉంటే?

ఆవిడని అడిగాను కూడా. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "మీరు అడక్కపోతేనే నాకు భయమేసేదండి" అన్నారు.

"హియరింగులో 'నా తెలివి వల్ల కాదు' అన్న మాట గురించి అడుగుతారు. సాక్ష్యంలో అందరూ అనే మాటే, మాట వరసకి అన్నాను అని చెప్పండి."

"అలా చెప్పలేనండి. మాట వరసకి అనలేదు. నమ్మే అన్నాను."

ఎంత బతిమాలినా వినలేదు. హియరింగు వీడియో కాల్‌లోనే జరిగింది. మా ముందుగదిలో కంప్యూటరు ముందు ఆవిడా నేనూ కూర్చున్నాం. అవతల కంపెనీ లాయరు, మేనేజరు. చెన్నైలో కంట్రోలరు, ఈ కేసు తేల్చే అధికారి. మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి, మీ కోసం తెలుగులో రాస్తున్నాను.

లాయరు ఆ వాక్యం చదివి, "ఇంతకన్నా ఒప్పుకోలు ఏం కావాలి?" అన్నాడు.

కంట్రోలరు సువర్ణ గారిని అడిగారు. "మీ తెలివి కాదని మీరే అన్నారు. మరి కనిపెట్టింది ఎవరు?"

నేను బల్ల కింద చేతులు నలుపుకున్నాను.

"నేనేనండి. దేవుడు కరెంటు ఆపాడు. అద్దంతో పాట్లు నేనే పడ్డాను" అన్నారు ఆవిడ.

అప్పుడు నేను కల్పించుకున్నాను. "వాళ్లు తెచ్చిన వీడియోనే ఒక్కసారి పూర్తిగా వేయించండి సార్" అన్నాను. వేశారు. తెల్లచీరలో సువర్ణ గారు చెబుతున్నారు, ఏరేటర్లు తిరుగుతుంటే ఇది ఎప్పటికీ కుదరదని నాకు అర్థమైపోయింది, అని. తెలుగు మాటకి అనువాదం కంపెనీ వాళ్లే ధ్రువీకరించి జతచేశారు.

"అలల సంగతి ఆ ఆదివారానికి ముందే ఆవిడకి చెప్పామంటున్నారు. తర్వాత కలవనే లేదంటున్నారు" అన్నాను. "ముందే తెలిసిన మనిషి, ఎప్పటికీ కుదరదని తన సంఘం ముందు, తన దేవుడి ముందు నిలబడి ఎందుకు చెబుతుంది?"

లాయరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు తన మైకు ఆపుకున్నాడు. కంట్రోలరు చాలాసేపు రాసుకున్నారు.

ఏ వీడియో మా కొంప ముంచుతుందని ప్రభాకర్ గారు డిలీట్ చేద్దామన్నారో, అదే లేకపోతే ఆ రోజు నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

చివరి బెంచీ

పేటెంటు వచ్చింది. కంపెనీ ఇప్పుడు ఆవిడని అడిగి, ఆవిడ పేరు చెప్పి ఆ పద్ధతి వాడుతోంది. మేనేజరు గారు మళ్లీ "అమ్మా" అని ఫోన్లు చేస్తున్నారట. ఆయన మాట ఎంత తియ్యగా ఉంటే అంత జాగ్రత్తగా చదివి సంతకం పెట్టమన్నాను.

ఆవిడ నన్ను చర్చికి పిలిచారు, కృతజ్ఞతా కూడిక ఉంది, సాక్ష్యం చెబుతాను అని. వెళ్లడానికి ముందు అనుమానంగా అడిగాను. "కొత్తగా ఇంకేమైనా పనిలో ఉన్నారా?"

"ఉందండి ఒకటి."

"అది మాత్రం దేవుడికి మీ గదిలో తలుపేసుకుని చెప్పుకోండి."

చివరి బెంచీలో కూర్చున్నాను. ఆవిడ మైకు ముందుకి రాగానే అలవాటుకొద్దీ కెమెరా ఎక్కడుందో చూశాను. ప్రభాకర్ గారి చేతిలో, ఎర్రదీపం వెలుగుతోంది. ఆవిడ కేసంతా చెప్పారు. కొత్త పని ఊసెత్తలేదు. ఊపిరి పీల్చుకుంటుండగా, ఆవిడ కళ్లు తుడుచుకుని చివరి మాట అన్నారు. "ఇది కూడా నా తెలివి వల్ల కాదు."

ప్రభాకర్ గారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, కెమెరా ఆపమంటారా అన్నట్టు నా వైపు చూశారు.

వద్దని చెయ్యి ఊపాను.